కామెంట్లు మిగిలాయి, కథనాలు పోయాయి

2023 ఆగస్టులో ఒక ఆదివారం పొద్దున్న మా సైటు పోయింది. హోస్టింగ్ కంపెనీ సర్వర్‌లో డిస్కు చెడిపోయి, దాని మీద ఉన్న మిగతా సైట్లతో పాటు మాదీ పోయింది. సపోర్టు చాట్‌లో ఉన్న అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు. "మా బ్యాకప్ కూడా అదే మెషీన్ మీద ఉంది సార్, మీ దగ్గర ఏమైనా కాపీ ఉందా?" అని అడిగాడు. ఉందన్నాను. ప్రతి ఆదివారం తెల్లవారుజామున మూడింటికి నేను రాసిపెట్టిన స్క్రిప్టు ఒకటి నడిచి, డేటాబేస్ మొత్తాన్ని ఒక ఫైలుగా దించి, జిప్ చేసి, గూగుల్ డ్రైవ్‌కి పంపేది. చివరి ఎనిమిది వారాల ఫైళ్ళు తేదీలతో సహా వరసగా కనిపిస్తున్నాయి. ఫొటోలు, ఆడియోలు వేరే ఫోల్డర్లో భద్రంగా ఉన్నాయి. అందుకని ఆ పొద్దున్న నాకు పెద్దగా టెన్షన్ కూడా రాలేదు. కాఫీ తాగి, స్నానం చేసి, అప్పుడు కూర్చున్నాను.

ఆ సైటు సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే పోయిందేమిటో అర్థం కాదు. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన వచ్చి పడింది. అధికారిక లెక్కల్లోనే సుమారు పది వేల మంది పోయారు, సొర్లగొంది లాంటి ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. మాది నాగాయలంక దగ్గర ఒక పల్లె. ఉప్పెనకి ముప్పై ఏళ్ళు నిండుతున్నాయని 2007 జనవరిలో మా బాబాయ్, నేనూ కలిసి ఈ సైటు మొదలుపెట్టాం. బాబాయ్ రిటైరైన తెలుగు మాస్టారు. అవనిగడ్డ, కోడూరు, పాలకాయతిప్ప, హంసలదీవి అన్నీ తిరిగి, ఆ రాత్రి బతికి బయటపడ్డవాళ్ళ దగ్గర కూర్చుని వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసుకునేవారు. తాటిచెట్టెక్కి తెల్లవార్లూ మొవ్వు పట్టుకుని వేలాడినవాళ్ళు, గేదె తోక పట్టుకుని ఒడ్డుకి కొట్టుకొచ్చినవాళ్ళు, పొద్దున్నే లేచి చూస్తే వీధిలో తనొక్కడే మిగిలినవాడు. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ రాత్రుళ్ళు వాటిని టైపు చేసి సైట్లో పెట్టేవాణ్ణి, తర్వాత్తర్వాత బాబాయే నేర్చుకుని నేరుగా ఫోన్లోంచి ఎక్కించేవారు. 2023 నాటికి ఆరు వందల నలభై కథనాలయ్యాయి. చెప్పినవాళ్ళలో సగం మందికి పైగా ఇప్పుడు లేరు.

ఆ ఆదివారం మధ్యాహ్నానికల్లా వేరే కంపెనీలో కొత్త హోస్టింగ్ కొని, ఫైళ్ళు ఎక్కించి, డేటాబేస్ ఇంపోర్ట్ చేశాను. ఎక్కడా ఎర్రర్ రాలేదు. జిప్ శుభ్రంగా విప్పుకుంది. సైటు తెరిస్తే హోమ్ పేజీ వచ్చింది. పైన అదే బొమ్మ, అదే పేరు, అవే రంగులు. అమ్మయ్య అనుకుని బాబాయ్‌కి ఫోన్ చేసి, వచ్చేసింది చూసుకోమన్నాను.

పావుగంటలో తిరిగి ఫోన్ వచ్చింది. "ఒరేయ్, ఇదేమిట్రా, పైన ఎప్పుడో పుష్కరాల తర్వాతి ఏడాది రాసింది కనిపిస్తోంది? మొన్న పెట్టింది ఏదీ?"

నేను చూశాను. హోమ్ పేజీలో మొట్టమొదట ఉన్న కథనం 2017 జూన్ నాటిది. దాని తర్వాత పెట్టింది ఒక్కటీ లేదు. మెనూ లేదు, వర్గాలు లేవు, లాగిన్ అవుదామంటే అలాంటి యూజర్ ఎవరూ లేరంటోంది. అప్పుడు డేటాబేస్‌లోకి వెళ్ళి ఒక్కో టేబులూ తెరిచి చూశాను. కామెంట్ల టేబుల్ నిండుగా ఉంది. 2022లో, 2023లో పెట్టిన కామెంట్లు కూడా ఉన్నాయి. "మా నాయనమ్మ కూడా అచ్చం ఇలాగే చెప్పేది, ఆ ఇత్తడి బిందె ఇప్పటికీ మా ఇంట్లో ఉంది" అని ఎవరో రాశారు. ఎలాగని చెప్పేది? ఏ బిందె? ఆ పైన ఉండాల్సిన కథనం లేదు. అలాంటివి వందలు. జవాబులున్నాయి, ఏ మాటకి జవాబో ఆ మాట లేదు. ఆ మధ్యాహ్నం ఆ టేబుల్ ముందు ఎంతసేపు కూర్చున్నానో నాకు గుర్తులేదు.

ఏం జరిగిందో అర్థం కావడానికి రెండు రోజులు పట్టింది. మా సైటు నడిచేది వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్ మీద. దాని డేటాబేస్‌ని మైఎస్‌క్యూఎల్‌డంప్ అనే ప్రోగ్రామ్‌తో ఒక ఫైలుగా దించితే, దాన్నే డంప్ అంటారు, అందులో టేబుళ్ళు ఇంగ్లిష్ అక్షరమాల క్రమంలో వస్తాయి. ముందు కామెంట్స్, తర్వాత లింక్స్, ఆప్షన్స్, పోస్ట్‌మెటా, ఆ తర్వాతే కథనాలుండే పోస్ట్స్. టెర్మ్స్, యూజర్స్ చివర్లో వస్తాయి. మా హోస్టింగ్ వాళ్ళు ఆ ఏడాది ఎప్పుడో ఒక నియమం పెట్టారు, షేర్డ్ సర్వర్ మీద మరీ ఎక్కువసేపు నడిచే పని ఏదైనా ఉంటే మధ్యలో ఆపెయ్యడం. వాళ్ళ తప్పనను, ఒకే సర్వర్ మీద అందరూ ఉన్నప్పుడు అలాంటి కట్టడి ఉండాల్సిందే. మా డంప్ సరిగ్గా పోస్ట్స్ టేబుల్ సగంలో ఉండగా ప్రతి వారం ఆగిపోయేది. ఆ టేబులే అన్నిటికంటే పెద్దది, ఎందుకంటే ఒక్కో కథనానికి బాబాయ్ దిద్దిన ప్రతిసారీ ఒక రివిజన్ చొప్పున అందులో పోగుపడ్డాయి. కథనాలు నంబర్ల వరసలో ఉంటాయి కాబట్టి పాతవి ముందు దిగాయి, 2017 దగ్గర కత్తెర పడింది.

మరి జిప్ ఎందుకు పాడవలేదు అంటే, నా స్క్రిప్టులో డంప్ చేసే ప్రోగ్రామ్ నుంచి వచ్చేదంతా పైపు ద్వారా నేరుగా జిప్ ప్రోగ్రామ్‌లోకి వెళ్ళేది. డంప్ మధ్యలో చచ్చిపోతే, జిప్‌కి తెలిసేది "ఇక డేటా రావట్లేదు" అన్నంత వరకే. అది తన పని బుద్ధిగా ముగించి, ఫైలు మూసి, అంతా బాగానే జరిగిందని స్క్రిప్టుకి చెప్పేది. స్క్రిప్టు దాన్ని డ్రైవ్‌కి పంపి, తొమ్మిదో వారం నాటి పాత ఫైలుని చెరిపేసేది. అంటే ప్రతి ఆదివారం ఒక తెగిన కాపీ లోపలికి వచ్చి, ఒక మంచి కాపీ బయటికి పోయింది. ఎనిమిది వారాలకి మంచి కాపీలన్నీ అయిపోయాయి.

మైఎస్‌క్యూఎల్‌డంప్ తీసిన ఫైలు చివరి వరసలో, డంప్ పూర్తయింది అని తేదీతో సహా ఇంగ్లిష్‌లో ఒక మాట రాసి ఉంటుంది. ఆ వరస ఉంటే చివరిదాకా వచ్చినట్టు, లేకపోతే మధ్యలో తెగినట్టు. ఆ ఎనిమిది ఫైళ్ళలో ఏ ఒక్కదాన్నైనా తెరిచి కిందికి వెళ్ళి చూసి ఉంటే నిమిషంలో తెలిసేది. ఈ వ్యాసం చదువుతున్నవాళ్ళకి సొంత సైటు ఉంటే, దయచేసి మిగతాది తర్వాత చదవండి, ముందు మీ డంప్ ఫైల్లో చివరి వరస చూసి రండి.

బ్యాకప్ గురించి మనవాళ్ళు మాట్లాడేదంతా తీసుకోవడం గురించే. ఏ ప్లగిన్ మంచిది, రోజూ తీయాలా వారానికోసారా, ఎక్కడ దాచాలి. 3-2-1 అని ఒక సూత్రం ఉంది, ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ దాన్ని బాగా ప్రచారంలోకి తెచ్చాడు. మూడు కాపీలు, రెండు రకాల మాధ్యమాల మీద, ఒకటి వేరే చోట. మంచి సూత్రం, పాటించాల్సిందే. కానీ అది కాపీల లెక్క మాత్రమే చెప్తుంది. కాపీలో ఏముందో చెప్పదు. రిస్టోర్, అంటే కాపీ నుంచి సైటుని తిరిగి నిలబెట్టడం, చేసి చూసుకోవాలని చెప్పేవాళ్ళు కూడా ఉన్నారు, అదీ నిజమే. కానీ నేను రిస్టోర్ చేశాను కదా. ఎర్రర్ రాలేదు, పేజీ తెరుచుకుంది, నేను ఫోన్ చేసి వచ్చేసిందని చెప్పేశాను. ఏళ్ళ తరబడి ఈ పనే చేసే నేను హోమ్ పేజీ చూసి తృప్తిపడ్డాను, కంప్యూటర్ గురించి ఏమీ తెలియని డెబ్భై ఆరేళ్ళ మనిషి పావుగంటలో కనిపెట్టాడు. ఆయన పేజీ తెరుచుకుందా లేదా అని చూడలేదు. చదవడం మొదలుపెట్టాడు. సైటు తిరిగొచ్చిందని సర్టిఫికెట్ ఇవ్వాల్సింది సర్వర్ కాదనీ, ప్లగిన్ కాదనీ, అందులో ఉన్నదేమిటో తెలిసిన ఒక పాఠకుడనీ నాకు అక్కడ బుర్రకెక్కింది. ముఖ్యంగా మన తెలుగు సైట్లకి.

పాత తాళపత్రాల చివర లేఖకులు రాసే శ్లోకం ఒకటి చాలామందికి తెలిసే ఉంటుంది. "యాదృశం పుస్తకం దృష్ట్వా తాదృశం లిఖితం మయా, అబద్ధం వా సుబద్ధం వా మమ దోషో న విద్యతే." పుస్తకంలో ఎలా చూశానో అలాగే రాశాను, తప్పైనా ఒప్పైనా దోషం నాది కాదు అని. మన బ్యాకప్ సాఫ్ట్‌వేర్ అచ్చంగా ఆ లేఖకుడే. తనకి అందింది అందినట్టు రాసి పెడుతుంది. సగం అందితే సగమే రాస్తుంది. ఆ రోజుల్లో తప్పు ఎక్కడ దొర్లిందో పట్టుకోవడానికి ప్రతుల్ని పక్కపక్కన పెట్టుకుని చదివే పండితులుండేవారు. బ్రౌన్ దొర కడపలో పండితుల్ని జీతమిచ్చి పెట్టుకుని చేయించిన పనిలో పెద్ద భాగం అదే, సేకరించిన ప్రతుల్ని ఒకదానితో ఒకటి పోల్చి చదివించడం. ఎంతమంది నకలు రాశారన్నది ఎంత ముఖ్యమో, రాసినదాన్ని ఎవరో ఒకరు కూర్చుని చదివారన్నదీ అంతే ముఖ్యం. మనకి నకలు రాయడం యంత్రానికి అప్పజెప్పే సౌకర్యం వచ్చింది, దాంతో పాటు చదివే పని కూడా అదే చూసుకుంటుందన్న భ్రమ వచ్చింది.

తెలుగు సైట్లకి ముఖ్యంగా అని ఎందుకన్నానంటే, తర్వాత జరిగింది వినండి.

2019లో ఒక పాత హార్డ్ డిస్కులో డంప్ తీసి పెట్టుకున్నట్టు గుర్తొచ్చింది. బీరువాలో వెతికితే దొరికింది. చివరి వరస చూశాను, పూర్తయిందని ఉంది. అంటే 2019 మార్చి దాకా అన్నీ ఉన్నట్టే. చేతులు వణుకుతూనే ఎక్కించాను. కథనాలన్నీ వచ్చాయి, కానీ ఒక్క తెలుగు అక్షరం లేదు. తెర నిండా నెత్తిన వాలుగీత ఉన్న ఇంగ్లిష్ చిన్న ఏ అక్షరం, పక్కన డిగ్రీ గుర్తు, మళ్ళీ అదే ఏ, పక్కన ప్లస్-మైనస్ గుర్తు, మధ్యలో ఏవేవో చిల్లర గుర్తులు. పేజీలకు పేజీలు అదే.

దీని వెనక కథ చాలా తెలుగు సైట్లకి ఉంది కాబట్టి వివరంగా చెప్తాను. అన్ని భాషల అక్షరాల్నీ కంప్యూటర్‌లో దాచడానికి ఇప్పుడు వాడే పద్ధతి యూటీఎఫ్-8, అందులో ఒక్కో తెలుగు అక్షర సంకేతం మూడు బైట్లు తీసుకుంటుంది. తెలుగు అన్న మాటనే తీసుకోండి. మనకి మూడక్షరాలుగా కనిపిస్తుంది, యూనికోడ్ లెక్కలో గుణింతపు గుర్తులు విడిగా లెక్కపెడితే ఆరు, బైట్లలో పద్దెనిమిది. ప్రతి తెలుగు సంకేతానికీ మొదటి బైటు ఒక్కటే, రెండోది రెండింటిలో ఒకటి. ఆ బైట్లని, ఒక్కో అక్షరానికి ఒక్క బైటే వాడే పాత లాటిన్ పద్ధతిలో చదివితే మొదటిది వాలుగీత ఏ, రెండోది డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో అవుతుంది. అందుకే మన భాష ఎక్కడ చెడినా ఒకేలా చెడుతుంది. ఆ ఆకారం ఒకసారి చూసినవాళ్ళు దూరం నుంచే గుర్తుపడతారు, ఇది తెలుగేనని.

వర్డ్‌ప్రెస్ వాడే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ మైఎస్‌క్యూఎల్. దానికి 2018లో 8.0 వెర్షన్ వచ్చేదాకా, వేరే ఏదీ చెప్పకపోతే లాటిన్ పద్ధతే. వర్డ్‌ప్రెస్ కూడా మొదట్లో డేటాబేస్‌తో ఏ పద్ధతిలో మాట్లాడాలో చెప్పేది కాదు, ఆ సెట్టింగ్ 2007లో వచ్చిన 2.2 వెర్షన్‌తో మొదలైంది. మా సైటు దానికి కొద్ది నెలల ముందు పెట్టింది. కాబట్టి మా తెలుగు అంతా లాటిన్ అని పేరు రాసున్న డబ్బాలో పదమూడేళ్ళు కూర్చుంది. రాసేటప్పుడు జరిగిన తప్పే చదివేటప్పుడూ జరిగేది కాబట్టి రెండు తప్పులూ చెల్లిపోయి తెర మీద తెలుగు చక్కగా కనిపించేది. 2020లో హోస్టింగ్ మారినప్పుడు టేబుళ్ళని సరైన పద్ధతిలోకి మార్చాం. నా చేతిలో ఉన్న డంప్ అంతకు ముందుది.

నయమేమిటంటే ఇలా గజిబిజిగా మారిన తెలుగుని వెనక్కి తేవచ్చు. బైట్లు ఎక్కడికీ పోలేదు, పేరు మాత్రమే తప్పు పడింది. ఆ డేటాని లాటిన్‌గానే బయటికి తీసి, ఆ ఫైలు యూటీఎఫ్-8 అని చెప్పి మళ్ళీ లోపలికి ఎక్కిస్తే సరిపోతుంది. చెప్పడానికి ఒక్క వాక్యం, నాకు మాత్రం రెండు రాత్రులు పట్టింది. తెల్లవారుజామున నాలుగున్నరకి ఒక పేజీ రిఫ్రెష్ చేస్తే "గాలి ముందు తూర్పు నుంచి కొట్టింది బాబూ" అని తెలుగులో కనిపించింది. అది ఎదురుమొండి దగ్గర ఒక పడవ నడిపే పెద్దాయన చెప్పిన కథనంలో మొదటి వాక్యం. ఆయన పోయి అప్పటికి నాలుగేళ్ళు.

కానీ గజిబిజి కాకుండా వరసగా ప్రశ్నార్థకాలు కనిపిస్తే మాత్రం ఇక ఆశ లేదు. తెలుగుకి చోటులేని డబ్బాలోకి దాన్ని నిజంగానే మార్చబోయినప్పుడు డేటాబేస్ ప్రతి సంకేతాన్నీ చెరిపి దాని చోట ఒక ప్రశ్నార్థకం పెడుతుంది. అసలు బైట్లు పోతాయి. అలా మారిన సైటుని ఆ మత్తులో ఉండగానే మళ్ళీ బ్యాకప్ తీశారంటే, మంచి కాపీ మీద ప్రశ్నార్థకాల కాపీ పడుతుంది. ఇంగ్లిష్ సైటు నడిపేవాళ్ళకి ఈ రెండు ప్రమాదాలూ దాదాపు లేవు, వాళ్ళ అక్షరాలు ఏ డబ్బాలో పెట్టినా ఒకేలా ఉంటాయి. అందుకని ఇంగ్లిష్‌లో రాసిన బ్యాకప్ పాఠాల్లో ఈ విషయం ఎక్కడో ఫుట్‌నోట్‌లా ఉంటుంది, మనకి మాత్రం అదే మొదటి పేజీలో ఉండాలి. ఇంకో చిన్న సంగతి, సైటు అడ్రస్ మారినప్పుడు డంప్ ఫైల్ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి పాత అడ్రస్ తీసి కొత్తది పెట్టేస్తుంటారు. వర్డ్‌ప్రెస్ కొన్ని సెట్టింగ్‌లని వాటి పొడవుతో సహా దాచుకుంటుంది, పొడవు లెక్క బైట్లలో. మాట మారి అంకె మారకపోతే ఆ సెట్టింగ్ మొత్తం చదవకుండా వదిలేస్తుంది. దానికి పనికొచ్చే టూల్స్ విడిగా ఉన్నాయి, వాటినే వాడండి.

ఇదంతా చిన్న సైట్ల బాధ, పెద్దవాళ్ళకి ఇలా జరగదు అనుకునేవాళ్ళకి, ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ సంగతి చెప్పాలి. 2017 జనవరి 31న వాళ్ళ ఇంజినీరు ఒకతను ఒక సర్వర్ అనుకుని ఇంకో సర్వర్‌లో అసలు డేటాబేస్ ఫోల్డర్‌ని చెరిపేశాడు. పొరపాటు గుర్తించి ఆపేసరికి సుమారు 300 జీబీలో 4.5 జీబీ మిగిలింది. వాళ్ళకి కాపీ తీసే పద్ధతులు ఒకటి కాదు ఐదున్నాయి. అక్కరకొచ్చే సమయానికి అవేవీ సరిగ్గా పనిచేయట్లేదని తేలింది. డంప్ తీసే ప్రోగ్రామ్ వెర్షన్ డేటాబేస్ వెర్షన్‌తో కలవక రోజూ ఫెయిలవుతోంది, ఫెయిలైందని చెప్పే ఈమెయిళ్ళని మెయిల్ సర్వరే తిప్పి పంపేస్తోంది. అదృష్టవశాత్తూ ఆరు గంటల ముందు ఒకరు వేరే పని కోసం తీసిన కాపీ దొరికింది కాబట్టి బయటపడ్డారు. ఆ ఆరు గంటల్లో జనం చేసినది పోయింది. వాళ్ళని నేను మెచ్చుకునేది ఎక్కడంటే, జరిగిందంతా దాచకుండా రాశారు, రికవరీని యూట్యూబ్‌లో లైవ్ పెట్టారు. పొరపాటు చేసినతని మీదికి తోసెయ్యకుండా, కాపీలు పనిచేస్తున్నాయో లేదో చూసే బాధ్యత ఎవరిదో మాలో ఎవరికీ అప్పజెప్పలేదని ఒప్పుకున్నారు. ఆ మాట నా గుండెకి తగిలింది. మా సైటుకీ అలాంటి మనిషి లేడు. స్క్రిప్టు రాసింది నేనే, నడుస్తోందని నమ్మింది నేనే, ఇంకెవరూ చూడలేదు.

హోస్టింగ్ వాళ్ళు చూసుకుంటారులే అనే మాట ఇంకా వింటుంటాను. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లో స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే హోస్టింగ్ కంపెనీ డేటా సెంటర్ భవనం ఒకటి పూర్తిగా కాలిపోయింది. లక్షల వెబ్‌సైట్లు ఆగిపోయాయి. బ్యాకప్ కూడా అక్కడే పెట్టుకున్నవాళ్ళకి రెండూ పోయాయి. క్లౌడ్ అనే పేరు వినగానే ఎక్కడో ఆకాశంలో భద్రంగా ఉందనిపిస్తుంది, అది ఏదో ఊళ్ళో ఒక బిల్డింగు, దానికి కరెంటు ఉంటుంది, దానికి నిప్పంటుకుంటుంది.

సొంత సైటు ఎందుకు, ఫేస్‌బుక్‌లో పెట్టేస్తే వాళ్ళే దాస్తారు కదా అని మా ఊరి కుర్రాళ్ళు అడుగుతారు. 2003 నుంచి 2015 దాకా జనం ఎక్కించిన పాటలు సర్వర్లు మార్చడంలో పోయాయని మైస్పేస్ 2019లో ఒప్పుకుంది. ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడింది. యాహూ గ్రూపులు 2020 డిసెంబరులో మూతపడ్డాయి, అందులో ఎన్నేళ్ళ తెలుగు చర్చలున్నాయో అప్పట్లో పాల్గొన్నవాళ్ళకి తెలుసు. సొంత సైటుకి ఒక సుగుణం ఉంది, దాన్ని మొత్తంగా మూటకట్టి ఇంకో చోట విప్పుకునే హక్కు మనకి ఉంటుంది. ఆ హక్కుని వాడుకోకపోతే మాత్రం ఫేస్‌బుక్‌కీ దానికీ తేడా లేదు.

ఇక వేబ్యాక్ మెషీన్, వెబ్ పేజీల పాత కాపీలు దాచిపెట్టే ఇంటర్నెట్ ఆర్కైవ్ సంస్థ సైటు. దానికి నేను జీవితాంతం రుణపడి ఉంటాను. 2019 తర్వాత కథనాల్లో డెబ్భై దాకా అక్కడే దొరికాయి, ఒక్కొక్కటీ తెరిచి కాపీ చేసుకున్నాను. కానీ అది ఎప్పుడు ఏ పేజీకి వచ్చి వెళ్తుందో మన చేతిలో లేదు, బాబాయ్ ఫోన్లోంచి పెట్టిన చాలా పేజీలకి అది రానే లేదు. 2024 అక్టోబరులో ఆ సంస్థ మీదే సైబర్ దాడి జరిగి కొన్ని రోజులు మూతపడింది. వీలైతే దానికి విరాళం ఇవ్వండి, మీ బ్యాకప్ బాధ్యత మాత్రం దాని నెత్తిన పెట్టకండి.

ఇప్పుడు మేమేం చేస్తున్నామో చెప్తాను. కాపీ తీసే పని యంత్రమే చేస్తోంది, తీశాక ఫైలు చివరి వరస చూసి, అది లేకపోతే నాకు మెసేజ్ పంపుతుంది. ఎన్ని కథనాలున్నాయో లెక్కపెట్టి పోయిన వారం కంటే తగ్గితే మళ్ళీ మెసేజ్. వారపు కాపీలు ఎనిమిదితో పాటు, ఏడాదికొకటి చొప్పున తీసినవి ఎప్పటికీ చెరపం. ఒక కాపీ డ్రైవ్‌లో, ఒకటి నా దగ్గర, ఒకటి నాగాయలంకలో బాబాయ్ ఇంట్లో హార్డ్ డిస్కులో. ఇది అందరూ చెప్పేదే.

మూడు నెలలకోసారి మాత్రం బాబాయ్ మనవరాలు రిస్టోర్ చేస్తుంది. విజయవాడలో డిగ్రీ చదువుతోంది, కంప్యూటర్ సైన్స్ కాదు, కామర్స్. ఆమెతోనే ఎందుకంటే, నేను చేస్తే నా బుర్రలో ఉన్నవన్నీ నాకు తెలియకుండానే వాడేస్తాను. మొదటిసారి ఒక కాగితం మీద అన్నీ రాసిచ్చాను, నేను పక్కన లేను. గంటలో నాలుగు ఫోన్లు. "మావయ్యా, డేటాబేస్ పాస్‌వర్డ్ ఏ ఫైల్లో ఉందో రాయలేదు." "మావయ్యా, ఓటీపీ ఎవరి ఫోన్‌కి వెళ్తోంది?" ఆ చివరి ప్రశ్నకి నా గొంతు ఎండిపోయింది. డొమైన్ పేరు 2007లో కొన్నప్పటి, నేను ఎప్పుడో మానేసిన ఈమెయిల్ మీద, ఇప్పుడు నా దగ్గర లేని ఫోన్ నంబరు మీద ఉంది. డేటా మొత్తం భద్రంగా ఉన్నా, రెన్యువల్ రోజున పేరు వేరేవాళ్ళకి పోయేది. అది సరిచేయించుకోవడానికి ఆధార్ కాపీలు, పాత బిల్లులు పంపి మూడు వారాలు తిరగాల్సి వచ్చింది. ఆ కాగితం ఇప్పుడు నాలుగు పేజీలు, ప్రతిసారీ ఆమె దాంట్లో ఏదో ఒకటి కలుపుతుంది.

రిస్టోర్ అయ్యాక ఆమె తన లాప్‌టాప్‌లో నిలబెట్టిన ఆ సైటు నుంచి లాటరీ తీసినట్టు పది కథనాలు తీసి, తాతయ్యకి ఫోన్లో చదివి వినిపిస్తుంది. మొదటి నుంచి చివరిదాకా పూర్తిగా. గంటన్నర పడుతుంది. ఇది పాతకాలపు పద్ధతని, పది కథనాల చెక్‌సమ్ పోలిస్తే సెకనులో అయిపోతుందని ఒక స్నేహితుడన్నాడు. చెక్‌సమ్ కూడా పోలుస్తాం. కానీ చెక్‌సమ్ చెప్పేది ఈ కాపీ ఆ కాపీలాగే ఉందని. ఆ కాపీయే తప్పైతే దానికి తెలియదు. పోయిన సంక్రాంతి ముందు చదివినప్పుడు ఆమె ఒక పేరా దాటి ముందుకెళ్తుంటే బాబాయ్ ఆపారు.

"ఆగమ్మా. ఆ బావి దగ్గరి నుంచి గుడి మెట్ల దాకా ఎలా వచ్చాడు? మధ్యలో పాలకాయతిప్ప కరకట్ట ఉండాలే."

ఆమె మళ్ళీ చదివింది, లేదు. నేను 2019 డంప్ తెరిచి చూస్తే ఉంది, కరకట్ట మీద రాత్రంతా పాములతో పాటు మనుషులూ పక్కపక్కనే కూర్చున్నారన్న ఆరు వాక్యాలు. వేబ్యాక్ నుంచి, పాత డంప్ నుంచి, నోట్సుల నుంచి అన్నీ కలిపి అతికించేటప్పుడు నేనే ఎక్కడో వదిలేశాను. ఏ లెక్కలోనూ అది తేలలేదు, కథనాల సంఖ్య సరిగ్గానే ఉంది, పేజీ శుభ్రంగా తెరుచుకుంటోంది. అప్పటికి ఏడాదికి పైగా ఆ కథనం ఆ ఆరు వాక్యాలు లేకుండానే జనం చదివారు.

మొత్తం మీద ఆరు వందల నలభైలో ఆరు వందల పదమూడు తిరిగొచ్చాయి. ఆడియో ఉన్నవాటిని మళ్ళీ విని టైపు చేశాం, బాబాయ్ నోటు పుస్తకాల్లో దొరికినవి దొరికినట్టు ఎక్కించాం. ఇరవై ఏడు రాలేదు. అవి చెప్పినవాళ్ళ ఇళ్ళలోనే కూర్చుని బాబాయ్ నేరుగా ఫోన్లో కొట్టినవి, ఆడియో లేదు, పుస్తకం లేదు. ఆ ఇరవై ఏడు పేజీలు సైట్లో ఉంచాం. ఒక్కో పేజీకి పైన చెప్పినవాళ్ళ ఊరి పేరు, కింద కామెంట్లు, మధ్యలో ఖాళీ. కామెంట్లు చదివి కొంతమంది పిల్లలు, మనవలు తమకి గుర్తున్నంతవరకు రాసి పంపుతున్నారు. ఇత్తడి బిందె పేజీ ఇంకా ఖాళీగానే ఉంది. ఆ కామెంటు పెట్టినావిడకి ఈమెయిల్ రాశాం. బిందె ఫొటో పంపింది, అంచు ఒకవైపు నొక్కుకుపోయి ఉంది. వాళ్ళ నాయనమ్మ ఏం చెప్పేదో అమ్మని అడిగి, వచ్చే ఆదివారం ఫోన్ చేస్తానంది.